ఏప్రిల్ వెల్లుల్లి

హెన్రికె లోజె మెట్ల మీద కూలబడి ఉంది. అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది.

ల్యాబ్ ఉన్న మూడో అంతస్తు నుంచి కిందికి దిగుతూ మధ్యలో ఆగిపోయింది. రెండు చేతులతో నడుము పట్టుకుంది. ముఖం పసుపు తిరిగింది. పెదాల్లో రంగు లేదు.

ఆమెను ముందుగా చూసింది డాక్టర్ టిల్మన్ రాక్విట్స్. ఆమె బృందంలోనే పనిచేసే రసాయన శాస్త్రవేత్త. ఆమె పక్క గది అతనిదే. అంబులెన్సుకి ఫోన్ చేసిందీ, అది వచ్చేదాకా మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నదీ అతనే.

నాలుగు గంటలకి లైప్‌జిగ్ క్రైమ్ పోలీసుల ఆఫీసులో ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్ విబ్కె నోల్టే ఎత్తింది. అవతల ఆసుపత్రి నుంచి డాక్టర్ క్రెల్.

"ఆమె రక్తం ఒంట్లోనే విరిగిపోతోంది," అన్నాడు క్రెల్. "మూత్రం బ్లాక్ కాఫీ రంగులో వస్తోంది. ఏదో విషం. దాని పేరు కావాలి నాకు."

"మీ అనుమానం దేని మీద?"

"ఆర్సెనిక్ గ్యాస్. ఆర్సీన్ అంటారు. అదే అయితే ఒంట్లో రక్తమంతా వెంటనే మార్చాలి. అది కాకపోతే మాత్రం, ఇప్పుడున్న స్థితిలో రక్తం మార్చడమంటే నా చేత్తో చంపడమే. ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మా బిల్డింగులో అలాంటి గ్యాసే లేదన్నారు."

"ఎంత టైముంది?"

"చీకటి పడేలోపు చెప్పండి. ఆ తర్వాత తెలిసినా చేసేదేమీ ఉండదు."

ఆమె ఏమైనా చెప్పిందా అని నోల్టే అడిగింది. కలవరిస్తోంది తప్ప మాట్లాడటం లేదన్నాడు క్రెల్. కిటికీ మూసేశాను, మూసినా అడవి పోలేదు, అదే మాట పదే పదే అంటోందట. దాన్ని పట్టించుకోవద్దని కూడా ఆయనే అన్నాడు.

నోల్టే పట్టించుకోలేదు. అందుకు తర్వాత చాలా సిగ్గుపడింది.

హెన్రికె పనిచేసే పరిశోధన సంస్థ మా లైప్‌జిగ్ ఊరికి పడమటి వైపు ఉంది. వెనక నదులు కలిసే చోట పెద్ద అడవి. ఏప్రిల్ వచ్చిందంటే ఆ అడవి నేలంతా అడవి వెల్లుల్లి మొలుస్తుంది. చెట్ల కింద ఎటు చూసినా ఆ ఆకులే. ఆ వాసన ట్రాముల్లోకి వస్తుంది, బడుల్లోకి వస్తుంది, ఆరేసిన బట్టలకి పడుతుంది. సంచులు పట్టుకెళ్ళి కోసుకొచ్చి సూపులో వేసుకునేవాళ్ళు సగం మందైతే, ముక్కు మూసుకుని తిరిగేవాళ్ళు మిగతా సగం.

నోల్టే ఉత్తర సముద్రం వైపు మనిషి. మా ఊరొచ్చి పన్నెండేళ్ళయింది. అడవి పక్క రోడ్డెక్కగానే అలవాటు ప్రకారం కారు అద్దాలు పైకెత్తింది.

సంస్థ గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంది. ప్రమాదం లేని రసాయన శాస్త్రం. ఆ మాట వెనక నాలుగేళ్ళ పని ఉంది. ఫాస్ఫరస్, ఆర్సెనిక్, యాంటిమొనీ. మందులకీ, ఎలక్ట్రానిక్ చిప్పులకీ ఈ మూడూ కావాలి. కానీ ఒక అణువులోకి వాటిని చేర్చాలంటే ఇన్నాళ్ళూ ప్రాణాలు తీసే గ్యాసులతోనో, మండే ద్రవాలతోనో పని. వీళ్ళు వాటికి బదులు మూడు ఉప్పులు తయారుచేశారు. ఒక్కో మూలకానికి ఒక్కో ఉప్పు. సీసాలోంచి చెంచాతో తీసుకోవచ్చు. పొగ రాదు, గ్యాసు రాదు. పత్రికలు మెచ్చుకున్నాయి, అవార్డులొచ్చాయి. అలాంటి చోట మనిషి విషంతో పడిపోయింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు.

నోల్టే ముందు ప్రొఫెసర్ గెర్లిండ్ వోస్‌ని కలిసింది. బృందానికి పెద్ద ఆవిడే. అరవై దగ్గర పడ్డ మనిషి, నిటారుగా కూర్చుంది. తన బిల్డింగులో ఆర్సీన్ అనే మాటకే చోటు లేదని చెప్పింది. పాత పద్ధతులన్నీ పోయిన అక్టోబర్‌లోనే ఆపేశారు. కారిడార్ గోడ మీద ఫోటో చూడమంది. అందులో ఆవిడ స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడమీద గ్యాస్ అలారం పెట్టెను విప్పుతోంది. పక్కన బల్ల మీద కేకు. చుట్టూ అందరూ నవ్వుతున్నారు.

"అలారాలన్నీ తీసేశారా?" అని అడిగింది నోల్టే.

"గ్యాసే లేనప్పుడు అలారం దేనికి?" అంది ప్రొఫెసర్. "ఆ రోజు మాకు పండగ."

మధ్యాహ్నం ఏమైనా వాసన వచ్చిందా అంటే అడవి వాసన అంది, ఏప్రిల్ కదా అంది. నోల్టే అది రాసుకోలేదు. ఏప్రిల్‌లో లైప్‌జిగ్‌లో వెల్లుల్లి వాసన వచ్చిందని ఎవరు రాసుకుంటారు?

తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కెర్‌స్టిన్ పెచ్. గాజు సామాను, స్టోరు ఆవిడ చూసుకుంటుంది. నోరు కాస్త పెద్దది. నోల్టే మాట తీరు వినగానే ఊరు పసిగట్టింది.

"మీరు సముద్రం వైపు వాళ్ళు కదూ? అక్కడ ఏడాదంతా చేపల కంపు, ఇక్కడ ఏప్రిల్ ఒక్క నెలా వెల్లుల్లి కంపు. మేమే నయం మేడమ్."

ఆవిడ చెప్పిన సంగతి ఇది. పన్నెండు గంటలకి అందరూ క్యాంటీనుకి వెళ్ళారు. ఆ రోజు ఉడికించిన బంగాళాదుంపలు, గట్టి పెరుగు, అవిసె నూనె. హెన్రికె రాలేదు. తిరిగొచ్చేసరికి మూడో అంతస్తంతా అడవి వాసన గుప్పుమంటోంది. హెన్రికె గదిలోకి తొంగిచూస్తే మనిషి లేదు, కిటికీ మూసి ఉంది. గదిలో మరీ ఘాటుగా ఉందని ఈవిడే వెళ్ళి తీసింది.

"అదొక్కటే నాకు వింత," అంది పెచ్. "జనవరిలో మంచు కురుస్తున్నా కిటికీ బార్లా తీసుకుని కూర్చునే మనిషి. చలికి చచ్చిపోతున్నాం తల్లీ అని మేం మొత్తుకుంటే, గాలి లేకపోతే బుర్ర పనిచెయ్యదంటుంది. అలాంటిది మూసుకుంది."

ఆ సమయానికి హెన్రికె చేస్తున్నది యాంటిమొనీ ఉప్పుతో పని. ఆమె బల్ల మీద ఆర్సెనిక్ అన్నదే లేదు. నోల్టే స్వయంగా చూసింది. అక్కడున్న సీసాలన్నిటి మీదా యాంటిమొనీ అనే రాసి ఉంది.

మూడో మనిషి రాక్విట్స్. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. ఆర్సెనిక్ ఉప్పు కనిపెట్టింది అతనే.

"మధ్యాహ్నం క్యాంటీనుకి వెళ్ళారా?"

"లేదు. నా గదిలోనే ఉన్నాను."

"ఏం చేస్తున్నారు?"

"శుక్రవారం కోపెన్‌హాగెన్ నుంచి కంపెనీ వాళ్ళొస్తున్నారు. ఆర్సెనిక్ ఉప్పుతో చేసిన పదార్థం వాళ్ళకి చూపించాలి. సీసాలో పోసి లేబుల్ అంటించాను."

"ఆ సమయంలో హెన్రికెని చూశారా?"

"లేదు. క్యాంటీనుకి వెళ్ళిందనుకున్నాను."

"ఏదైనా వాసన వచ్చిందా?"

"లేదు."

"అసలేమీ?"

"ఏ వాసనా రాలేదు ఇన్‌స్పెక్టర్ గారూ. వస్తే నాకు తెలిసేది. నా ముక్కు మంచిది."

ఊరికే మాట కలపడానికి ఇంటి నుంచి ఎలా వస్తారని అడిగింది. సైకిల్ మీద, అడవి దారిన అన్నాడు. ఈ ఊళ్ళోనే పుట్టాడట. బళ్ళో చదివేటప్పటి నుంచీ అదే దారి అట.

నోల్టే కిందికి దిగింది. ఐదున్నర కావస్తోంది. చేతిలో ఏమీ లేదు. క్రెల్‌కి ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ మాట్లాడదామని కారులో కూర్చుంది. వచ్చినప్పుడు తలుపు తీసిపెట్టి మరిచిపోయింది కాబట్టి లోపలంతా వెల్లుల్లి ఘాటు. తలుపు వేసింది. ఏసీ వేసింది. నంబరు వెతుకుతూ ఉండగానే వాసన పలచబడింది.

చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది.

బయటి వాసన తలుపు వేస్తే తగ్గాలి. హెన్రికె కిటికీ మూసింది. మూసినా అడవి పోలేదు. రోగి నోటివెంట వచ్చిన ఆ ఒక్క మాటే ఈ కేసులో అసలు సాక్ష్యం. కలవరింత అని డాక్టర్ వదిలేశాడు. డాక్టర్ వదిలేశాడని తాను వదిలేసింది. గంటన్నర పోయింది. అవతల మనిషి రక్తం నీళ్ళవుతోంది.

ఆర్సీన్ వాసన కూడా వెల్లుల్లి లాగే ఉంటుందని విషాల కేసుల్లో నోల్టే విని ఉంది. ఆర్సెనిక్‌తో పనిచేసేవాళ్ళకి మొదటి రోజు నేర్పే పాఠం అది. వెల్లుల్లి వాసన వస్తే చేతిలో ఉన్నది వదిలేసి పరిగెత్తు. ఇంకే ఊళ్ళో అయినా హెన్రికె పరిగెత్తేది. మా ఊళ్ళో కాబట్టి, ఏప్రిల్ కాబట్టి, గోడ మీద అలారం లేదు కాబట్టి, లేచి కిటికీ మూసుకుంది. విషంతో పాటు తనని తానే గదిలో పెట్టి గడియ వేసుకుంది.

నోల్టే క్రెల్‌కి ఫోన్ చేసి ఆర్సీన్ అనుకుంటున్నానని చెప్పింది.

"అనుకోవడం నేనూ అనుకుంటున్నాను," అన్నాడాయన. "అనుకుని ఆమె రక్తం తోడలేను. దాన్ని తయారుచేసినవాళ్ళ నోటితో కావాలి. తొందరగా."

ఐదు నిమిషాల్లో ముగ్గురూ కాఫీ గదిలో ఉన్నారు. ప్రొఫెసర్ కుర్చీలో కూర్చుంది. పెచ్ గుమ్మం దగ్గర నిలబడింది. రాక్విట్స్ కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. బయట ఎండ చెట్ల మీదికి వాలింది.

నోల్టే ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టింది. హెన్రికె పీల్చింది ఆర్సీన్ అని చెప్పింది. అది ఆమె బల్ల మీద పుట్టలేదని, కిటికీలోంచి వచ్చిందని, ఆమె దాన్ని అడవి అనుకుందని చెప్పింది. ప్రొఫెసర్ ఏదో అనబోయింది. నోల్టే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవాళ మీ ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాను. వాసన వచ్చిందా అని. ప్రొఫెసర్ గారు వచ్చిందన్నారు. పెచ్ గారు వచ్చిందన్నారు. నేను వాకిట్లో కారు దిగితే నాకూ వచ్చింది. ఈ కిటికీ తీసి ఉంది, ఇప్పుడు కూడా వస్తోంది. ఏప్రిల్‌లో వెల్లుల్లి వాసన రాలేదన్నవాళ్ళు ఈ ఊరు మొత్తంలో ఒక్కరే ఉన్నారు."

ఆమె కిటికీ దగ్గరున్న రాక్విట్స్ వైపు తిరిగింది.

"మంచి ముక్కు, పుట్టిన ఊరు, పొద్దున్నే అడవిలోంచి సైకిల్," అంది నోల్టే. "మీరూ అందరిలా అడవి వాసన అనేసి ఉంటే నేను ఇంటికి వెళ్ళిపోయేదాన్ని, డాక్టర్ రాక్విట్స్. మేమెవ్వరం అడవి తప్ప ఇంకోటి ఊహించలేదు. మీకు మాత్రం వెల్లుల్లి అంటే ఇవాళ అడవి కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారు."

ఆమె ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. బల్ల మీద అతని ముందుకి తోసింది.

"డాక్టర్ క్రెల్ లైన్లో ఉన్నారు. కారణాలు తర్వాత. ముందు పేరు చెప్పండి."

రాక్విట్స్ ఫోన్ వైపు చూశాడు. తర్వాత ప్రొఫెసర్ వైపు చూశాడు. ఫోన్లోంచి ఎవరో పరిగెడుతున్న చప్పుడు, ఏదో యంత్రం మోత వినిపిస్తున్నాయి.

"ఆర్సీన్," అన్నాడు చివరికి. సరిగా వినపడలేదు.

"ఇంకోసారి," అన్నాడు క్రెల్.

"ఆర్సీన్. నేను తయారుచేశాను. పన్నెండున్నరకి."

"ఇప్పుడు ఆరవుతోంది," అన్నాడు క్రెల్. రక్తం తెప్పించమని ఎవరికో చెప్తూనే ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత కథ బయటికొచ్చింది. ఫాస్ఫరస్ ఉప్పు పనిచేసింది. యాంటిమొనీ ఉప్పు ఇంకా బాగా పనిచేసింది. ఆర్సెనిక్ ఉప్పు మాత్రం మొదట్లో రెండుసార్లు పనిచేసి, తర్వాత ఎన్నిసార్లు చేసినా నల్లటి బంక తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ రెండుసార్లు చూసే అతను పనిచేస్తోందని చెప్పాడు. శుక్రవారానికి చూపించే పదార్థం చేతిలో లేదు. పాత పద్ధతిలో, పాత గ్యాసుతో చేసి, కొత్త ఉప్పుతో చేశానని లేబుల్ అంటిద్దామనుకున్నాడు. విషపు పొగల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ వేస్తే కారిడార్‌లో దీపం వెలుగుతుంది, ఎవరైనా అడుగుతారు. అందుకని ఫ్యాన్ ఆపేసి, గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టాడు. అందరూ క్యాంటీనులో ఉన్నారనుకున్నాడు. పక్క కిటికీ బార్లా తీసి ఉందని చూడలేదు.

"మరి మీకేమీ కాలేదేం?" అని అడిగింది నోల్టే.

అతను నేల చూపులు చూశాడు. "మాస్కు పెట్టుకున్నాను."

పెచ్ ముఖం తిప్పుకుంది.

ప్రొఫెసర్ మెల్లిగా అడిగింది. "ఉప్పు పనిచెయ్యట్లేదని నాకెందుకు చెప్పలేదు టిల్మన్?"

"చెప్దామనే వచ్చాను. అక్టోబర్‌లో. మీ గదికి వచ్చేసరికి మీరు అలారం విప్పుతున్నారు. కేకు మొదటి ముక్క నాకే పెట్టారు. ఫోటోలో మీ పక్కన ఉన్నది నేనే. ఆ తర్వాత ఏ ముఖంతో చెప్పను?"

అవార్డులన్నిటికీ నిటారుగా నిలబడ్డ ఆవిడ వీపు ఒక్కసారిగా ఒంగింది. అలారం తన చేత్తో విప్పానని ఆవిడ ఎవరూ అడక్కుండానే అంది. ఒక్క అలారం ఉంచినా ఆ పిల్ల పారిపోయి ఉండేదని అంది. ఆ మాట నిజమే, అందుకే ఎవరూ ఆవిడని ఓదార్చలేదు.

రాక్విట్స్ చేసిన మోసం మామూలు మోసం. పరువు కోసం పెద్దవాళ్ళు ఇంతకన్నా పెద్దవే చేస్తారు. గ్యాసు పక్క గదిలోకి పోవడం పొరపాటు. కానీ మూడు గంటలకి మెట్ల మీద ఆమె ముఖం చూడగానే అతనికి అంతా తెలిసిపోయింది. ఒక్క మాట చెప్తే చాలు. తల దించుకోవాల్సి వస్తుందని మూడు గంటలు ఆ మాట నోట్లో పెట్టుకు కూర్చున్నాడు.

హెన్రికె బతికింది. ఒంట్లో రక్తమంతా మార్చారు. కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. కోలుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు క్రెల్. మూడు గంటల ముందే తెలిసి ఉంటే ఈ మాట అనాల్సిన పని ఉండేది కాదని కూడా అన్నాడు.

మే నెలలో నోల్టే ఆసుపత్రికి వెళ్ళింది. హెన్రికె దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతికి యంత్రం గొట్టాలు. నోల్టే జరిగిందంతా దాచకుండా చెప్పింది. కలవరింతని తాను పట్టించుకోలేదన్న సంగతి కూడా చెప్పింది. హెన్రికె ఉప్పు గురించి అడగలేదు, సంస్థ గురించి అడగలేదు. చాలాసేపు దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయింది.

"మెట్ల మీద అతనికి అప్పటికే తెలుసా?" అంది చివరికి.

"తెలుసు."

"అంబులెన్సు వాళ్ళు అడిగారు, ఏమైంది ఈవిడకి అని. నాకు చెప్పే ఓపిక లేదు. టిల్మనే చెప్పాడు. మధ్యాహ్నం తిండి మానేస్తుంది, ఎంత చెప్పినా వినదు, అందుకే కళ్ళు తిరిగాయి అన్నాడు."

ఈ సంగతి నోల్టేకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"నాకెంత సిగ్గేసిందో," అంది హెన్రికె. "ఒక్కపూట తినకపోయినందుకు ఇంతమందిని పరిగెత్తించానే అని. అతని చెయ్యి పట్టుకుని క్షమించమని అడిగాను."